క్లచ్ మీద కాలు

తొంభైల మధ్యలో నేను దోహాలో ఒక కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్‌గా పనిచేసేవాణ్ణి. మాది గోదావరి జిల్లా. ఖతార్ అనగానే నాకు సముద్రమో ఎడారో గుర్తుకు రాదు, లారీల అడుగుభాగాలు గుర్తుకొస్తాయి. ఆ రోజుల్లో నాకు బాగా దగ్గరైన మనిషి ఒక నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. కరీంనగర్ వైపు పల్లె ఆయనది. నాకంటే చాలా పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. పనివాళ్ళుండే క్యాంపులో మా మంచాలు ఎదురెదురుగా ఉండేవి.

ఆ ట్యాంకర్ చాలా పాతది. సైట్లలో పనివాళ్ళకు తాగునీళ్ళు అదే మోసేది. ఒక ఎండాకాలం దాని కింద ఇసుకలో నల్లటి మరకలు పడసాగాయి. తర్వాత కొన్నాళ్ళకు నీళ్ళు నింపుకుని ఎత్తు ఎక్కలేకపోయింది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు.

మా ఫోర్‌మన్ ఈజిప్టువాడు. వచ్చీరాని హిందీలో అందరి ముందూ కేకలేశాడు. కొత్త క్లచ్ వేసి ఎంతో కాలం కాలేదట, ఈ ముసలాయన క్లచ్ మీద కాలు పెట్టుకునే నడిపి దాన్ని కాల్చేశాడట.  అన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "లారీ మీదనే నెత్తి నెరిసింది తమ్మీ. క్లచ్ ఎట్ల తొక్కాల్నో ఇప్పుడు గీనతోని నేర్చుకోవాల్నా?"

మర్నాడు పొద్దున్నే బండి కిందికి దూరాను. మొదట వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టు విప్పి, జాకీ మీద గేర్‌బాక్స్ దించాను. క్లచ్ ప్లేటు చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు నూనె అంటుకుంది. ఇంజన్ వెనక ఉండే ఆయిల్ సీల్ అరిగిపోయి, ఆ నూనె కారి కారి ప్లేటును నానబెట్టింది. నూనె తాగిన ప్లేటు పట్టు నిలవదు, జారిపోతుంది. పట్టుకెళ్ళి ఫోర్‌మన్‌కి చూపించాను. వాసన చూసి, సరేనన్నట్టు "తయ్యిబ్" అని వెళ్ళిపోయాడు. అన్నకు అదే చాలు. "జూశినవా? తప్పు నాది గాదు, సీల్‌ది" అని వర్క్‌షాపులో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. నాకు టీ తెచ్చాడు. ఆ రోజంతా నా పక్కనే గోనెపట్టా పరుచుకుని కూర్చుని, తనకు మొదటిసారి స్టీరింగ్ ఇచ్చిన మనిషి గురించి, భార్య గురించి చెప్పాడు. ఇంటికి ఫోన్ చేస్తే ఆమె ఇప్పటికీ "దుబాయిల ఎండ ఎట్లున్నది?" అనే అడుగుతుందట. ఖతార్ అని చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాడట.

కొత్త సీల్ కొట్టి, ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ పెట్రోలుతో కడిగి, కొత్త ప్లేటు వేసి గేర్‌బాక్స్ పైకెక్కించేసరికి నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నీళ్ళు నింపుకుని ఇద్దరం ట్రయల్‌కి బయల్దేరాం. వర్క్‌షాపుల వెనక ఖాళీ రోడ్డు. ఎక్కడా ఒక్క చుక్క కారడంలేదు, బండి బాగానే లాగుతోంది. అన్న ముఖం వెలిగిపోతోంది.

కాసేపటికి కాలిన వాసన వచ్చింది. కొత్త ప్లేటు కదా, కొంచెం వాసన మామూలే అనుకున్నాను. కానీ అది పెరుగుతోంది. వంగి పెడల్ వైపు చూశాను.

"అన్నా, క్లచ్ మీంచి కాలు తియ్యి."

"తీసినా కద."

"తియ్యలేదన్నా. ఇంకా ఆనించే ఉన్నావ్."

ఆయన నవ్వుతూ కిందికి చూశాడు. ఎడమకాలు పెడల్ మీదే ఉంది. చెప్పు ఎప్పుడు జారిపోయిందో, వట్టి కాలు. నవ్వు ఆగిపోయింది. రెండు చేతులతో తొడ పట్టుకుని ఆ కాలును పక్కకు జరిపాడు.

బండి రోడ్డు పక్కన ఆపించి ఆ కాలు నా ఒడిలో పెట్టుకుని చూశాను. ఇంజన్ వేడికి కాలిపోయే, పెడల్ కింది ఇనుప రేకు మీద మడమ ఆనించి ఆనించి బొబ్బలు లేచి చితికాయి. బొటనవేలి కింద నల్లటి పుండు. వేలితో నొక్కాను.

"నొప్పిగా ఉందా?"

"ఏడ వట్టుకున్నవ్?" అని అడిగాడు.

కాలికి స్పర్శే లేదు, షుగర్ ఉందా అని అడిగాను. ఆ సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసట. బయటపడితే ఇంటికి పంపేస్తారని ఎవరికీ చెప్పలేదట.  ముందు అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ అన్నాడు: "క్లచ్ అయితే కాల్తది, పోతది. రేపు బ్రేక్ మీద కాలుకు గిట్లనే అయితే? ఎవ్వడన్న అడ్డమొస్తే?"

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. అన్న బండి దిగి, కుంటకుండా నడవడానికి ప్రయత్నిస్తూ, నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టాడు. "సీల్ ఠీక్ హై. క్లచ్ ఠీక్ హై. మేరా పైర్ ఖరాబ్" అని తన కాలు చూపించాడు. ఫోర్‌మన్ లేచి నిలబడ్డాడు. తన కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. 

ఆ కాలు చీలమండ దాకా తీసేశారు. గాయం కాస్త మానాక కంపెనీ టికెట్ ఇచ్చింది. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ తోస్తుంటే ఆయన సిగ్గుపడ్డాడు. మనుషులు చూస్తున్నారని కండువా మోకాళ్ళ మీద కప్పుకున్నాడు. "ఇంట్ల ఆమెకు ఇంక చెప్పలే తమ్మీ. చూస్తే తెలుస్తది గద" అన్నాడు. నేను సరేనన్నాను. 

మరుసటేడు వానాకాలంలో, సెలవు నుంచి వచ్చిన వాళ్ళ ఊరాయన కబురు తెచ్చాడు. రెండో కాలికీ పుండు లేచిందట, జ్వరం వచ్చి వారం కాకుండానే పోయాడట. అప్పుడు ఆ ట్యాంకర్‌ను ఒక నేపాలీ నడుపుతున్నాడు.

మేం తెలుగు క్రైస్తవులం శుక్రవారాలు ఒకరింటి హాల్లో కూడుకునేవాళ్ళం. ఆ వారం నేను లేచి, ఒక ఇల్లాలి కోసం ప్రార్థన చెయ్యమన్నాను. పేరేమిటని అడిగారు. అన్న ఆమె గురించి ఎన్నో చెప్పాడు గాని పేరు ఎన్నడూ చెప్పలేదు. తెలియదన్నాను. పేరు లేకుండానే అందరూ తలలు వంచారు.