మల్సున్ పిన్ని ఎడమ తొడ

మల్సున్ పిన్నికి అంటు గజ్జి ఉందని తొంగ్యాంగ్ రేవు వీధంతా చెప్పుకుంది. ఎడమ తొడ మీద అరచేయంత ఎర్రమచ్చ. ఊరి ఆడవాళ్ళ స్నానశాలలో డబ్బు తీసుకుని ఒళ్ళు తోమడం ఆమె పని; తోమేవాళ్ళు నల్లటి లోదుస్తులతోనే పని చేస్తారు కాబట్టి ఆ మచ్చ అందరి కంటా పడింది.

"తోమేది మన ఒళ్ళు, గోక్కునేది తన ఒళ్ళు. అదే చేయి, అదే గుడ్డ," అంది ఎండుచేపల కొట్టు దొంగ్‌సిమ్, వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా కూర్చుని. "నేనైతే ఇంట్లోనే తోముకుంటా తల్లీ."

"నీ వీపుకి నీ చేయి అందుతుందా అక్కా?" అంది తొట్టిలో పక్కనున్నావిడ.

"మా ఆయన దేనికున్నాడే?"

అందరూ నవ్వారు. ఆ వారం తోమించుకోవడానికి పిన్ని బల్ల మీద ఎవరూ పడుకోలేదు. నేను అక్కడ బట్టల అరల తాళంచెవులు, తువ్వాళ్ళు ఇచ్చేదాన్ని. పిన్ని ఖాళీ బల్ల మీద వేడినీళ్ళు పోసి కడగడం, కాసేపు కూర్చోవడం, మళ్ళీ కడగడం చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల ఆమెది.

మంగళవారం సెలవు. ఓనరమ్మ నన్ను పిలిచి, "మల్సున్ ఇంటికి వెళ్ళి చెప్పు. శనివారం కూడా ఎవరూ పడుకోకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను. నా నోటితో చెప్పలేను," అంది.

నా నోటితో మాత్రం ఎలా చెప్పగలను? ఆ ఇంటి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల పిన్ని వాళ్ళమ్మ పరుపు మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. మంచాన పడి నాలుగేళ్ళు. పిన్ని గోరువెచ్చని నీళ్ళలో చేయి ముంచి, ఉత్త అరచేత్తో ఆమె వీపు నిమురుతోంది. ఉడికిన గుడ్డు మీది పొర లాంటి చర్మం అది.

"తోముతున్నావా, దువ్వుతున్నావా?" అంది ముసలమ్మ. "మట్టి రాలకపోతే అది స్నానమేనా? గుడ్డ తీసుకో."

"తీసుకున్నానమ్మా."

పిన్ని ఒక చేతికి, స్నానశాలలో తోమే ఆకుపచ్చ గరుకుగుడ్డ తొడుగు వేసుకుంది. స్కర్టు పైకి లాగి, రెండో చేయి తల్లి వీపు మీద కదుపుతూనే, తన ఎడమ తొడనే బరబరా రుద్దింది. చప్పుడు వింటూ ముసలమ్మ కళ్ళు మూసుకుంది. పిన్ని పళ్ళు బిగించి రుద్ది రుద్ది, రాలిన నాలుగు మట్టి వత్తుల్ని అరచేతిలో పెట్టి తల్లి ముఖం ముందుకు చాపింది.

"చూడు, ఎంత వచ్చిందో."

"ఛీ, ఇంతా!" ముసలమ్మ ముఖం విప్పారింది. "పోయిన వారం సరిగ్గా తోమలేదన్నమాట. నిన్ను నమ్మి ఊళ్ళో వాళ్ళు ఎలా పడుకుంటున్నారే?"

"పడుకోవట్లేదులే అమ్మా," అని పిన్ని నవ్వింది. అప్పుడే నన్ను చూసింది.

బయటికి వచ్చి తలుపు వేసింది. "మొదట్లో ఒకసారి నిజంగానే గుడ్డ పెట్టాను. ఒక్క రుద్దుకే రక్తం వచ్చింది. నువ్వు ఎక్కడా అనకు పిల్లా. ఆ దొంగ్‌సిమ్ వారానికోసారి అమ్మని చూడ్డానికి వస్తుంది. దాని నోట్లో ఏదీ ఆగదు. అమ్మకి తెలిస్తే ఇక నా చేయి నమ్మదు. మురికిగా ఉన్నాననే బెంగతో పోతుంది."

ఓనరమ్మ మాట చెప్పాను. "సరే," అంది.

శనివారం స్నానశాల కిటకిటలాడింది. బల్ల మాత్రం ఖాళీ. మూడేళ్ళు అక్కడ పని చేసినా నేను ఎప్పుడూ అందరి ముందూ బట్టలు విప్పలేదు. ఇంట్లోనే బకెట్టు నీళ్ళతో, చేయి అందినంత మేర తోముకునేదాన్ని. ఆ రోజు తాళాల పని ఓనరమ్మకి అప్పగించి, అరగంట వేడినీళ్ళలో నాని, నేల చూసుకుంటూ వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకున్నాను.

"లేచి వెళ్ళు," అంది పిన్ని మెల్లగా. "జాలి పడక్కర్లేదు."

"బాగా నానాను పిన్నీ. చల్లారిపోతాను."

తర్వాత వీపు మీద బకెట్టెడు వేడినీళ్ళు పడ్డాయి. గుడ్డ మెడ నుంచి నడుము దాకా ఒకే బరువుతో, ఒకే వేగంతో దిగింది. మంట లేదు. నా చేయి ఎప్పుడూ అందని చోట ఆగింది.

"ఓరి దేవుడా! ఎన్నేళ్ళ నుంచి దాచావే ఇక్కడ ఇంత మట్టి?" అంది పిన్ని.

తొట్టిలో నీళ్ళు కదిలాయి. "ఏదీ, ఏదీ?" అంటూ దొంగ్‌సిమ్ వచ్చి నా వీపు మీదికి వంగింది. సిగ్గుతో ముఖం చేతుల్లో దాచుకున్నాను. "అమ్మో, నువ్వుల ఉండలు చేయొచ్చు! నిక్షేపంలా ఉందే పిల్ల, రోజూ స్నానం చేస్తుంది కూడానూ..." కాసేపు తన భుజం తనే గీరుకుని చూసుకుంది. "మల్సున్, దీని తర్వాత నేను. మా ఆయన తోమేది తోముడే కాదు."

పిన్ని నా వీపు మీద ఫట్‌మని చరిచింది. ఇటు తిరుగు అని.

ముసలమ్మ ఆ వసంతంలో పోయింది. కడగడానికి సాయం వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను, దొంగ్‌సిమ్ కూడా ఉంది. నాలుగేళ్ళు పక్కమీదే ఉన్న మనిషి. వీపు మీద, మడమల మీద, ఎక్కడా ఒక్క పుండు లేదు.