నీళ్లతో గీసిన నడుము

పక్కింటి బాబాయి సైన్‌బోర్డులు రాస్తాడు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కానీ, ఆయన గీసిన మనుషులు కర్ర మింగినట్టు నిలబడతారు. ఇప్పుడేమో బడి గోడ మీద పరుగెత్తే పిల్లల్ని గీయాలి. వాళ్లూ అలాగే బిగుసుకుపోతే పని చేజారినట్టే!

ముందు కళ్లూ ముక్కూ దిద్దుతూ కూర్చోవడమే తన తప్పని గ్రహించి, కుంచెను నీళ్లలో ముంచి ఎండ కాసిన గచ్చు మీద సాధన మొదలుపెట్టాడు. తడి ఆరేలోపు ఒంటి కదలికంతా గీతలో పట్టుకోవాలి.

నిన్న పిన్ని దుప్పటి పిండుతుంటే, మెడ నుంచి మడమ దాకా ఒక్క ఊపులో గీసేశాడు.

"ఇటు రావే, త్వరగా! ఆరిపోతోంది!"

పిన్ని వంగి చూసింది. "ఓరి నాయనో, మొహం లేకపోయినా నేనే! నా నడుము నొప్పి కూడా వేసేశావు కదయ్యా!"

"అయితే పిల్లలు పరుగెడతారంటావా?"

"గోడ దూకి పారిపోతారు, పో!"

బాబాయి చెప్పులైనా వేసుకోకుండా, రంగు డబ్బాలతో బడివైపు లగెత్తాడు.