బీబమ్మ సందులో కూరమడులు

1979 వేసవి. అప్పుడు నేను బందరు మునిసిపల్ ఆఫీసులో టౌన్ సర్వేయర్‌ని. ఊళ్లో స్థలాలు కొలిచి హద్దులు తేల్చడం నా పని. ఉప్పెన వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. చాలా ఇళ్ల గోడల మీద నీళ్లు నిలిచిన చార అలాగే ఉండేది.

కలంకారీ అద్దకం పనివాళ్లూ, ముస్లిం కుటుంబాలూ కలిసి ఉండే ఒక సందు చివర మునిసిపాలిటీ స్థలం ఉంది. అక్కడ షాపులు కట్టాలని నిర్ణయించారు. డిమార్కేషన్ చేసి రమ్మని, అంటే కొలిచి హద్దురాళ్లు పాతించమని నన్ను పంపారు. కాగితాల ప్రకారం అది ఖాళీ స్థలం. వెళ్లి చూస్తే గోంగూర, తోటకూర, వంగ మడులు, వెదురు పందిరి మీద ఆనపపాదు.

మా భాషలో ఇది ఎన్‌క్రోచ్‌మెంట్, ఆక్రమణ. కొలత గొలుసు వేయించబోతుంటే ఒక పెద్దావిడ వచ్చింది. పేరు రహీమున్నీసా. సందంతా బీబమ్మ అని పిలుస్తారు.

"పాదు తొక్కకుండా వేయించు బాబూ."

"ఇది మునిసిపాలిటీ స్థలమమ్మా. ఎవరు వేసుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు. మాదని మేమూ అనటం లేదు. అదిగో, ఆయన మొదలెట్టాడు."

వంగమడిలో వంగి కలుపు తీస్తున్న మనిషి పేరు నాంచారయ్య. హంసలదీవి దగ్గర పల్లె. ఉప్పెనలో భార్యా, పిల్లలూ పోయారు. ఒంటరిగా బందరు చేరితే బీబమ్మ తన వసారాలో చోటిచ్చింది. పెట్టింది తినేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే పార పట్టుకుని వెళ్లి, ఈ స్థలంలో కూలిన గోడల మట్టి ఎత్తడం మొదలుపెట్టాడట. అది చూసి అద్దకం పనివాళ్లు వెళ్లి తట్టలు అందుకున్నారు.

ఉప్పునీళ్లు నిలిచిన నేల. మొదట వేసిందల్లా మాడిపోయింది. ఉప్పు విరగాలని వానాకాలంలో చుట్టూ గట్లు కట్టి వాననీళ్లు నిలబెట్టారు, వదిలేశారు, మళ్లీ నిలబెట్టారు. ఇంటింటి నుంచీ పేడ, బూడిద మోసుకొచ్చి వేశారు.

"గోంగూర మొలిచిన రోజున నా దగ్గరికొచ్చి 'లేచింది అక్కా' అన్నాడు. ఆయన గొంతు వినడం నాకదే మొదలు బాబూ" అంది బీబమ్మ. చెబుతూ పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు రాళ్లు పాతించలేదు. కొలతలు తీసుకుని, లెవెలింగ్ కూడా చేశాను, అంటే నేల ఎత్తుపల్లాలు చూశాను. రోడ్డు వైపు మెరక. వెనక, మడులున్న వైపు, పల్లం. షాపులకు మెరకే చాలు. పల్లం పూడ్చాలంటే మట్టి చాలా తోలాలి. షాపులు ముందు, మడులు వెనక అలాగే ఉండేలా ప్లాన్ గీసి కమిషనర్ గారి ముందు పెట్టాను.

"బాగానే ఉందయ్యా. వెనక స్థలంలో రేపెవరో గోడ కట్టుకుని నాదంటే బాధ్యతెవరిది? వాళ్లని రమ్మను" అన్నారాయన.

సందంతా ఆఫీసుకు వచ్చింది. కమిషనర్ గారు అదే ప్రశ్న అడిగారు. బీబమ్మ నోరు తెరిచేలోపే నాంచారయ్య ముందుకొచ్చాడు.

"నేను చూసుకుంటానండీ. కూర అందరిదీ. కావాల్సినోళ్లు కోసుకుంటారు. గోడ మాత్రం ఎవర్నీ కట్టనివ్వనండి."

కమిషనర్ గారు ఊరు అడిగారు. చెప్పాడు. ఊరి పేరు వినగానే ఆయన గొంతు తగ్గించి, "మీ వాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

నాంచారయ్య వెనక్కి తిరిగి, గుమ్మంలో కిక్కిరిసి నిలబడ్డ వాళ్లను చూశాడు.

"వీళ్లేనండీ" అన్నాడు.

బీబమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నేను ప్లాన్ మడతపెట్టుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

షాపులు రోడ్డు వైపే కట్టారు. వెనక భాగం ఓపెన్ స్పేస్‌గా, అంటే కట్టడాలు లేకుండా అందరికీ వదిలిన చోటుగా ప్లాన్‌లోకి ఎక్కింది. బాగోగులు సందువాళ్లే చూడాలని షరతు. హద్దురాళ్లకు గుంతలు తవ్వింది నాంచారయ్యే.

ఒక స్థలం ఎంతుందో కొలిచి చెప్పగలను. అది ఎవరికి, ఎందుకు కావాలో అక్కడ బతికే వాళ్లే చెప్పాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎక్కడికి సర్వేకి వెళ్లినా, ముందు ఎవరింటి అరుగు మీదో కూర్చుని నాలుగు మాటలు అడిగాకే పని మొదలుపెట్టాను.