పిడికెడు బియ్యం

మా తాతలు ఓడెక్కి వలసొచ్చిన ఈ పరాయి దేశంలో, తామ్వే పేటలో మా తెలుగు చర్చి ఆడవాళ్ళు ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడికని పక్కన తీసిపెడతారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్తుంది. మా అత్త బియ్యం మాత్రం అన్నమై, ఎండుచేపల వేపుడుతో కలిసి చౌక్తడా కోర్టుకు వెళ్ళేది.

ఒకసారి పోలీసులు బస్సు ఆపి, అంతమంది జనంలో నల్లగా ఉన్నాడని ఆమె కొడుకు ఒక్కణ్ణే దింపి తీసుకుపోయారు. నెలల తరబడి జైల్లో ఉంచి, ఏ నేరమూ లేదని వదిలేశారు. కొడుకు ఇంటికొచ్చాక కూడా అత్త క్యారియర్ మోయడం మానలేదు. వాయిదాలకు తెచ్చిన మనవాళ్ళలో ఎవరికోసం ఎవరూ రాలేదో చూసి, వాళ్ళకు పెట్టేది. నేను విన్న ప్రసంగాలన్నీ ఆ క్యారియర్ ముందు దిగదుడుపే.

చివరికి మా పాస్టరుగారు ఇంటికే వచ్చారు.

"దేవుడి బియ్యం ఎవరెవరికో పెడతన్నావంట. ఆల్లు నీకేటవుతారమ్మా?"

అత్త క్యారియర్ కడుగుతూనే చెప్పింది. "నల్లగున్నారనే గదా అయ్యగారూ ఆల్లని పట్టుకెళ్ళారు. నల్లగున్నారనే నాను వొండతన్నాను."

పాస్టరుగారిదీ మా రంగే.