రసీదులమ్మ

జీతాల విభాగంలో మూల బల్ల దగ్గర కూర్చునే ఆవిడను ఆఫీసంతా రసీదులమ్మ అంటుంది. ఏడాది చివర అందరూ తెచ్చే బీమా, అద్దె, ఆస్పత్రి కాగితాలను తడి స్పాంజికి వేలు అద్దుకుంటూ తిప్పుతుంది. "ఈ బిల్లు మొత్తం పన్నులోంచి పోతుందనుకోకండి. మీ జీతంలోంచి దీన్ని తీసేసి, మిగిలినదాని మీదే పన్ను లెక్కేస్తాం" అని ఒక్కొక్కరికీ విడమరిచి చెబుతుంది, హాలు ఆ చివరిదాకా వినబడేలా. ఎవరి మోకాలికి ఆపరేషనైందో, ఎవరి ఇంటద్దె పెరిగిందో అలా అందరికీ తెలిసిపోతుంది.

నిన్న భోజనాల వేళ, హాలు ఖాళీ అయ్యాక, ఈ నెలాఖరుకు రిటైరయ్యే లిఫ్టు ఆపరేటర్ నాలుగు మడతల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూతురికి పుట్టుకతోనే చూపు లేదని డాక్టరిచ్చిన ధ్రువపత్రం. తేదీ చూసి ఆవిడ వేలు ఆగిపోయింది. "పదకొండేళ్ల నాటిది కదండీ ఇది. ఇది చూపిస్తే పన్ను తగ్గేది, ఇన్నేళ్లూ ఊరికే ఎక్కువ కట్టారు. ముందే ఎందుకు తేలేదు?" అని అలవాటైన గొంతుతోనే అడిగింది. అతను ఓసారి గుమ్మం వైపు చూసి, తల వంచుకున్నాడు.

"మీ గొంతు పెద్దది మేడమ్."

ఆవిడ కాగితాన్ని బోర్లించి ఫైల్లో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్లంతా, ఆవిడ చెప్పేది వినబడక, బల్ల మీదికి వంగాల్సి వచ్చింది.