బోస్టన్ దాకా ఇంగ్రిడ్ గారి ముత్తవ్వ పన్ను

పాత ఎముకనో పన్నునో పరీక్షకు తీసుకెళ్ళాలనుకునేవారు నేను చేసినట్టు చేయకూడదు. అందుకే ఈ ప్రయాణం రాసిపెడుతున్నాను.

అది 1989 అక్టోబరు. న్యూయార్క్ దగ్గరి ప్లెయిన్స్‌బరోలో నేను వెళ్ళే లైబ్రరీలో ఇంగ్రిడ్ గారు పనిచేసేవారు. ఆవిడ ముత్తవ్వ నార్వే రైతుల బిడ్డ అని అక్క ఆస్ట్రిడ్ గారి వాదన. కాదు, ఉత్తరాన రెయిన్‌డీర్లు మేపే సామీల ఆడపడుచు అని ఈవిడ నమ్మకం. ఆ గొడవతో అక్కాచెల్లెళ్ళకు ఆరేళ్ళుగా మాటల్లేవు. పాత ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీస్తున్నారని పత్రికల్లో చదివి, ఉత్తర ఐరోపా జనం మూలాలు ఇక తేలిపోతాయని ఆవిడకు ధీమాగా చెప్పింది నేనే. ఆ పని చేసే ప్రొఫెసర్ హెలెన్ గారు బోస్టన్‌లో ఉపన్యాసమిస్తున్నారని తెలియగానే, ఇంగ్రిడ్ గారు ముత్తవ్వ పన్నున్న వెండి డబ్బీ నా చేతిలో పెట్టారు.

"ఏం తేలినా నాకు చెప్పండి. అక్కదే నిజమైతే ఒప్పుకుంటాను."

శుక్రవారం ఉదయం ఆరింటికి మా తెలుగు చర్చి మిత్రుడు సుధాకర్ కార్‌లో స్టేషన్‌కి దింపాడు. పన్నును అరచేతిలో దొర్లించి చూశాడు.

"ఇందులో ఫ్యామిలీ హిస్టరీ అంతా ఉందా బ్రదర్? తేడా వస్తే ఆవిడ నీ లైబ్రరీ కార్డ్ క్యాన్సిల్ చేస్తుంది."

ఎనిమిదికి న్యూయార్క్, తొమ్మిదికి బోస్టన్ బస్సు. పక్క సీటులో రిటైరైన నర్సు డొలోరెస్ గారు. సగం ఎగ్ శాండ్‌విచ్ నాకిచ్చి, అవే వేళ్ళతో పన్ను అందుకున్నారు. "ఈవిడ మిఠాయి జోలికి పోలేదు" అని తేల్చారు. దారిలో బస్సు పదిహేను నిమిషాలే ఆగుతుంది. తిండి వెంట ఉంచుకోవడం మంచిది.

రెండింటికి బోస్టన్ చేరాను. బస సుధాకర్ చెల్లెలు విమల గారింట్లో. చేపల పులుసు వడ్డించి, డబ్బీ తెరిచి చూశారు.

"ఇంత మురికిగా ప్రొఫెసర్‌కి ఇస్తారా అన్నయ్యగారూ?" అంటూ గిన్నెల సబ్బు పెట్టి, బ్రష్‌తో తోమేశారు. పన్ను తళతళలాడింది. నాకూ సంతోషమే వేసింది.

శనివారం పదింటికి ఉపన్యాసం. అయ్యాక వరుసలో నిలబడి డబ్బీ తెరిచాను. హెలెన్ గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"ఎంతమంది ముట్టుకున్నారు?"

వేళ్ళు మడుస్తూ చెప్పాను. సబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు నవ్వాగలేదు.

"ముట్టిన ప్రతి చెయ్యీ తన డీఎన్‌ఏ అంటించి పోతుంది. ఇప్పుడు పరీక్షిస్తే ముందు మీరు దొరుకుతారు. తర్వాత మీ బస్సు." నవ్వు ఆపుకుని మెల్లగా అన్నారు, "శుభ్రంగా తెచ్చినా ఈ ఒక్క పన్ను ఆవిడ ఎవరో చెప్పదు. పోల్చి చూడటానికి ఇంకెందరివో కావాలి. మేమింకా అక్షరాలు దిద్దుతున్నాం."

పత్రికల్లో ఈ ముక్క నేను చదివే ఉంటాను. ఉత్సాహంలో దాటేశాను.

ఆదివారం తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినచోట ఇంగ్రిడ్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"సబ్బుతోనా?" అన్నారావిడ. ఆ తర్వాత నవ్వు మొదలైంది. "అయితే మా ఇద్దరిలో ఎవరూ గెలవలేదన్నమాట. ఫోన్ పెట్టేయండి. ఇది అక్కకు చెప్పాలి."

పరుగెత్తుకెళ్ళి బస్సెక్కాను. తిరుగుదారిలో చెట్లన్నీ ఎర్రగా, పచ్చగా వెలుగుతున్నాయి. వెళ్ళేటప్పుడు డబ్బీ తప్ప ఏమీ చూడలేదు.

ఆ పన్ను మీద చెయ్యి వేసి సాయపడిన సుధాకర్‌కు, డొలోరెస్ గారికి, విమల గారికి. చెయ్యి వెయ్యకుండా సాయపడిన హెలెన్ గారికి. నన్ను నమ్మిన ఇంగ్రిడ్ గారికి. ఆ సాయంత్రం మొదటి రింగుకే ఫోనెత్తిన ఆస్ట్రిడ్ గారికి నా కృతజ్ఞతలు.