తన తప్పును తానే చదివిన అధ్యక్షుడు

గత మంగళవారం ఉదయం పాలిటెక్నిక్‌లో నా మొదటి పాఠం సగంలో ఉండగా ప్యూన్ వచ్చి, నా కోసం ఎవరో నిలబడ్డారని చెప్పాడు. వరండాలో రత్నంగారి తమ్ముడు. "అన్న పోయిండు సార్, పొద్దుగాల" అని మాత్రం అన్నాడు. కామెర్లతో పదిరోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. ఆదివారమే చూసి వచ్చాను, కోలుకుంటారనే నమ్మాను. తరగతిలోకి తిరిగి వెళ్లి, బోర్డు మీద నేనే సగం గీసిన బొమ్మను చూస్తే అది దేని బొమ్మో తోచలేదు. పిల్లలను పంపించేశాను.

మా యంత్రరక్షణ సంఘం అధ్యక్షులు గుంటి యేసురత్నం గారు దివంగతులైనారన్న వార్త ఈ పత్రిక పాఠకులలో కొందరికి చేరి ఉంటుంది. చేరని వారికోసం, ఆయనను ఎరుగని వారికోసం ఈ నాలుగు మాటలు.

రత్నంగారు ప్రభుత్వరంగ కర్మాగారంలో ఫిట్టరు. చదువు ఏడో తరగతితో ఆగింది. మా కళాశాల లేతు మిషన్ మొరాయిస్తే బాగుచేయడానికి వచ్చినప్పుడు పరిచయమైంది. అప్పుడే కృష్ణాజిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాకు, యంత్రం చెడిపోయాక బాగుచేయడం కన్నా చెడిపోబోతున్నదని ముందే కనిపెట్టడం గొప్ప విద్య అని బోధపరచినది పుస్తకం కాదు, ఆయన. పురానాపూల్‌లో ఆయన ఇంటి ముందుగదిలోనే సంఘం పుట్టింది. నేను కార్యదర్శిని. సంఘానికి 'యాంత్రిక వైఫల్య పూర్వసూచక పరిషత్తు' అని నామకరణం చేసి తీసుకువెళితే, ఆయన కూడబలుక్కుని చదివి, "పేరు సదివేటాళ్లకే మిషన్ ఖరాబైతది సార్" అన్నారు. పేరు చిన్నదైంది.

ఇంజనీర్లూ అధ్యాపకులూ ఉన్న సంఘానికి ఫిట్టరు అధ్యక్షుడేమిటని గొణిగినవారు ఉన్నారు. ఆయన ఒక్క షరతు మీదనే ఆ పదవికి ఒప్పుకున్నారు. మిషన్లకు నూనె పోసే పనివాళ్లకు కూడా సభ్యత్వం ఇవ్వాలి. దినమంతా మిషన్ పక్కన ఉండేది వాళ్లేనని, మనం వెళ్లి చూసేది గడియసేపేనని ఆయన వాదన. అలా చేరినవాడే మల్లయ్య, ఖాదర్ సాహెబ్ ఐస్ ఫ్యాక్టరీలో నూనె పోసే మనిషి.

ఆ ఐస్ ఫ్యాక్టరీ విషయమే విస్తరించి చెప్పాలి. ఎండలు ముదురుతున్న రోజుల్లో రత్నంగారు అక్కడి పెద్ద కంప్రెసర్ చప్పుడు విని, బేరింగు పోబోతున్నదనీ వెంటనే ఆపమనీ చెప్పారు. ఖాదర్ సాహెబ్ ఆయన మాట మీద గౌరవంతో రెండు రోజులు ఫ్యాక్టరీ మూసి మిషన్ విప్పించారు. బేరింగు నిక్షేపంలా ఉంది. పునాది బోల్టు వదులై, ఆ చప్పుడు అక్కడి నుంచి వచ్చింది. చేసిన ఐసంతా కరిగిపోయింది, షర్బత్ దుకాణాలవాళ్లు గేటు ముందు లొల్లి చేశారు. ఖాదర్ సాహెబ్ మమ్మల్ని ఒక్క మాట అనకుండా చాయ్ తాగించి పంపారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆ ఏటి వార్షిక నివేదికలో నేను ఈ సంగతి వదిలేశాను. దాచడం నా దృష్టిలో విజ్ఞత. మన మాట వినేవారే కొద్దిమంది, వారిని కూడా పోగొట్టుకుంటామా అని రత్నంగారితో వాదించాను. ఆయన కాగితాలు నా చేతికి తిరిగి ఇచ్చి, "నిజమైన మాటలే రాసి, తప్పైనయి దాసుకుంటే మనం చిలక జోస్యం చెప్పేటోళ్లమైతం సార్" అన్నారు. సభలో నా నివేదిక అయ్యాక తానే లేచి, ఖాదర్ సాహెబ్ ఫ్యాక్టరీలో ఏం జరిగిందో, తాను ఏ బోల్టును తాకి చూడలేదో, ఒక్కొక్కటే కాగితం మీద రాసుకున్నది చదివారు. అక్షరాల దగ్గర తడబడ్డారు గాని సంగతి దగ్గర తడబడలేదు. ఇద్దరు ఇంజనీర్లు ఆ రోజే సంఘం వదిలి వెళ్లిపోయారు. నేను రెండు నెలలు ఆయనతో ముభావంగా ఉన్నాను. అది నా అల్పత్వమని ఇప్పుడు రాయక తప్పదు.

మరుసటి ఏడు మళ్లీ ఎండాకాలంలో, మల్లయ్య సమావేశానికి వచ్చి ఒక మాట చెప్పాడు. కంప్రెసర్ పెద్ద చక్రం నడుమ, ఇరుసు దూరే చోట, రోజూ ఎర్రటి పొడి తుడుస్తున్నాడట. తెల్లారేసరికి మళ్లీ చేరుతోందట. ఇరుసు మీద చక్రం కదులుతూ ఇనుము అరిగితే అలాంటి పొడి రాలుతుంది. రత్నంగారు సైకిలు తీశారు. నేనూ వెంట వెళ్లాను. పాతవంతెన మీద ఆయన దిగి నిలబడిపోయారు. "కాళ్లు ఒస్తలేవు సార్" అన్నారు. కాసేపటికి తనే మళ్లీ ఎక్కారు.

ఆయన చెప్పినదంతా ఖాదర్ సాహెబ్ శాంతంగానే విన్నారు. "పోయినేడు గూడ గిట్లనే చెప్పినవ్ భాయ్" అన్నారు. అవునని, పోయినేడు తాను చెప్పింది తప్పేనని, ఇది కూడా తప్పు కావచ్చునని రత్నంగారు ఒప్పుకున్నారు. రెండు రోజులు కాదు, శుక్రవారం నమాజుకు మిషన్ ఆపే ఆ గంటసేపు ఇస్తే చాలన్నారు. సాహెబ్ సరేనన్నారు.

ఆ శుక్రవారం చక్రం నడిమి భాగాన్ని మల్లయ్య శుభ్రంగా తుడిచాడు. రత్నంగారు కిరోసిన్ పూసి, కొంతసేపు ఆగి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి అద్దారు. పగులంటూ ఉంటే అందులోకి ఇంకిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా కనబడుతుంది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ముందు ఏమీ లేదు. ఆ తెల్లదనాన్ని చూస్తూ, ఈసారి సభలో ఏ మొహంతో కూర్చోవాలా అని నేను ఆలోచిస్తున్నాను. అప్పుడు ఇరుసును చక్రానికి బిగించే గాడి మూల నుంచి వెంట్రుకవాసి చెమ్మ గీత మొదలై, మెల్లగా బెత్తెడు పొడవు సాగింది.

ఖాదర్ సాహెబ్ మసీదు నుంచి రాగానే రత్నంగారు పక్కకు జరిగారు. సాహెబ్ వంగి గీతను చూశారు. అంత బరువైన చక్రం తిరుగుతూ ముక్కలైతే ఎటు ఎగురుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అవతలి గోడకు అమ్మోనియా గొట్టాలు, పగిలితే విషవాయువు. ఇవతల, చక్రానికి ఎదురుగా, ఒక స్టూలు. చక్రాన్ని తిప్పే బెల్టు తీసేయమని మల్లయ్యకు చెప్పి, ఆయన రత్నంగారి వైపు తిరిగారు.

"గంత అయినంక మళ్ల నా తాన ఎట్ల రాబుద్ధయింది భాయ్ నీకు?"

"రాబుద్ధి కాలేదు సాబ్. మల్లయ్య గాడనే కూసుంటడు గద."

ఆ ఏటి నివేదికలో నేను ఈ సంగతి రాస్తుంటే, పగులును కనిపెట్టింది మల్లయ్య అని మొదటి వాక్యంలోనే ఉండాలని రత్నంగారు పట్టుబట్టారు. ఆయన పేరు రెండో వాక్యంలో నేను చేర్చాను. అంతకుముందు ఏడు సంగతి దాచబోయిన నా అపరాధం కూడా అప్పుడే ఆయన దగ్గర ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, ఆ ఎర్రపొడిని పిల్లలకు పాఠంలో చూపించమన్నారు. ఇప్పటికీ చూపిస్తున్నాను.

మొన్న ఆదివారం ఆయన లేకుండా తొలిసారి కూడాం. సంఘం ఆగరాదని తీర్మానించాం. తలుపు దగ్గర చార్మినార్ వైపు ప్రెస్సులో నూనె పోసే ఒక నడివయసు మనిషి నిలబడి, రత్నంసారు ఉన్నారా అని అడిగాడు. అతనికి తెలియదు. నేను చెప్పాను.  అతను వెనుదిరిగి వెళ్లబోతుంటే, ఎందుకు వచ్చావని అడిగాను. ప్రింటింగు మిషన్ ఇరుసు వేడెక్కుతోందట. వెంట వెళ్లాను.

ఇరుసు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. రత్నంగారైతే మరికొంత తెలిసేది. నాకు వేడి మాత్రమే తెలిసింది. ప్రెస్సు యజమాని ఖాయమేనా అని అడిగాడు. ఖాయం కాదన్నాను. అయినా ఆపి విప్పండి, విప్పేదాకా ఇక్కడే ఉంటానని చెప్పి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.